మా ఇంటికి ఇంగ్లీషు మాటలు

పిల్లలకు ఇంగ్లీషు నేర్పేవాళ్ళు మొట్టమొదట రాయించే వ్యాసం "ఆవు". రెండోది "మై హౌస్", అంటే "నా ఇల్లు". ఆవు సంగతి ఫరవాలేదు. ఏ దేశపు ఆవుకైనా నాలుగు కాళ్ళూ, ఒక తోకా ఉంటాయి. ఇల్లు అట్లా కాదు గదా! అయినా మన పిల్లలు రాసే వ్యాసాల్లో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నా ఇల్లు పెద్దది, అందమైనది. అందులో ఒక డ్రాయింగు రూమూ, ఒక డైనింగు హాలూ, మూడు బెడ్‌రూములూ ఉన్నాయి. ఇంటి ముందు తోట ఉంది. తోటలో గులాబీలు ఉన్నాయి. అంతటితో వ్యాసం సరి.

నేను ఉండేది హైదరాబాదుకు ఆగ్నేయంగా, బడంగ్‌పేటలో. మొన్నమొన్నటి దాకా ఇది పల్లెటూరు. 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయింది. జొన్నచేలు ఉన్న చోట నూటయాభై గజాల ప్లాట్లు వచ్చాయి, ప్లాట్లలో ఇళ్ళు లేచాయి, ఇంకా లేస్తూనే ఉన్నాయి. సాయంకాలం పూట చుట్టుపక్కల పిల్లలు ఒక డజను మంది ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. వాళ్ళలో ముగ్గురి ఇళ్ళలో మాత్రమే డ్రాయింగు రూము అనదగిన గది ఉంది. గులాబీ మొక్క ఒక్కరింట్లోనూ లేదు. ఒక పిల్లవాడి ఇంట్లో మటుకు మంచి కరివేపాకు చెట్టు ఉంది. కాని వాడి నోటుపుస్తకంలో కూడా గులాబీలే పూస్తున్నాయి!

ఆ డజను మందిలో ఒక అమ్మాయి మాత్రం ఆ వ్యాసం రాయలేదు. ఏడో తరగతి చదువుతున్నది. వాళ్ళది పాలమూరు వైపు. తండ్రి తాపీ మేస్త్రీ. సోమవారం నాడు అందరూ తమ వ్యాసాలను తరగతిలో నిలబడి చదవాలట. ఈ అమ్మాయి శనివారం సాయంకాలం వచ్చి, "తాతా, నేను సోమవారం బడికి పోను," అన్నది.

"ఏం బిడ్డా?" అని అడిగాను.

"మాది ఇల్లు కాదు గద తాతా. మేం స్టిల్టుల ఉంటం."

పట్నంలో అపార్టుమెంటు కట్టేటప్పుడు కింది అంతస్తుకు గోడలు కట్టరు. స్తంభాల మీద నిలబెట్టి, కార్లు పెట్టుకోవటానికి ఖాళీగా వదులుతారు. ఆ ఖాళీని "స్టిల్టు" అంటారు. మా వీధి చివర ఒక అయిదంతస్తుల భవనం లేస్తున్నది. దాని స్టిల్టులో, నీళ్ళ సంపు పక్కన, ఇటుకలు పేర్చి చేసిన గదిలో ఆ అమ్మాయి, తల్లీ, తండ్రీ, తమ్ముడూ ఉంటున్నారు.

"ఉన్నది ఉన్నట్టు రాయరాదా?" అన్నాను.

"నవ్వుతరు," అంది ఆ అమ్మాయి.

నాకు దిగులు వేసింది. ఊరూరూ తిరిగి ఇళ్ళు కట్టేవాళ్ళ పిల్లలకు బడి అంటే సన్నని దారం లాంటిది. సోమవారం మానేస్తారు, మంగళవారం తమ్ముణ్ణి చూసుకోవలసి వస్తుంది, ఆ తరువాత బడి ఎటు పోయిందో తెలియదు.

సరిగ్గా ఆ ఆదివారం మా ఇంటికి ఒక అతిథి వచ్చాడు. హైదరాబాదులోని తార్నాకలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. దాన్ని 1958లో, మన ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధన నేర్పే కేంద్ర సంస్థగా పెట్టారు. 2007లో అది విశ్వవిద్యాలయం అయింది. ఇతర దేశాల ఉపాధ్యాయులు కూడా శిక్షణ కోసం అక్కడికి వస్తూ ఉంటారు. మా అతిథి అట్లా వియత్నాం నుంచి వచ్చినవాడే. సొంత ఊరు హనోయి. అక్కడ ఇంగ్లీషు మాష్టారు. అక్కడ పనిచేసే నా మిత్రుడొకడు, "ఈయన తన విద్యార్థులకు ఇళ్ళను గురించీ, కట్టడాలను గురించీ ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పే పాఠం తయారుచేస్తున్నాడు. మామూలు మనుషుల ఇళ్ళు చూడాలంటున్నాడు," అని చెప్పి నా చిరునామా ఇచ్చి పంపాడు.

ఆయన మెట్రో రైల్లో ఎల్.బి.నగర్ దాకా వచ్చి, అక్కడ ఆటో ఎక్కి, మా గేటు ముందు దిగాడు. మేముండేది ఫస్టు ఫ్లోరు అని నేను ఫోనులో చెప్పి ఉన్నాను. ఆయన నేరుగా వెళ్ళి కింద అద్దెకున్నవాళ్ళ తలుపు తట్టాడు. వాళ్ళు లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చారు. అరగంట దాకా ఆయన అదే నా ఇల్లనుకుని మహా మర్యాదగా నా కోసం ఎదురుచూశాడు!

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇంగ్లండులో నేల మీది అంతస్తును గ్రౌండ్ ఫ్లోరు అనీ, దాని పైదాన్ని ఫస్టు ఫ్లోరు అనీ అంటారు. మనం కూడా అట్లాగే నేర్చుకున్నాం. అమెరికాలో నేల మీదిదే ఫస్టు ఫ్లోరు. వియత్నాంలో ఇంకా తమాషా. ఉత్తరాన హనోయి వైపు నేల మీదిదే ఒకటో అంతస్తు. దక్షిణాన సైగాన్ వైపు నేల మీదిదానికి వేరే పేరు ఉంది, దాని పైది ఒకటి. అంటే ఒకే దేశంలో మెట్లెక్కకుండానే ఒకటో అంతస్తు చేరవచ్చు, ఎక్కి కూడా చేరవచ్చు! ఈ చిక్కులేవీ లేకుండా మన పెద్దవాళ్ళు "మేడ మీద ఉంటాం" అని ఊరుకునేవారు.

సాయంకాలం పిల్లలందరూ వచ్చారు. మా పిల్లలకు వియత్నాం భాష రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరికీ మధ్య ఇంగ్లీషు ఒక్కటే వంతెన, అదీ రెండు వైపులా కొంచెం ఊగుతున్న వంతెన. పిల్లలు మొదట సిగ్గుపడ్డారు. ఆయన పలక తీసుకుని ఒక ఇల్లు బొమ్మ వేసి, "మా భాషలో దీన్ని న్యా అంటాం," అన్నాడు. పిల్లలు "న్యా, న్యా" అంటూ పిల్లి పిల్లల్లాగా అరిచారు.

"ఇంగ్లీషులో ఇంటికి రెండు మాటలున్నాయి," అన్నాడాయన. "హౌస్ అంటే కట్టడం. హోమ్ అంటే మనం ఉండే చోటు, మనవాళ్ళుండే చోటు. మా న్యాలో ఈ రెండూ ఉన్నాయి. మీ భాషలో?"

మనకూ అంతే గదా! ఇల్లు కట్టారంటే కట్టడం. ఇల్లు గుర్తుకొచ్చిందంటే అమ్మా నాన్నా. ఇంటిపేరు అంటే వంశం పేరు. ఇల్లాలు అంటే భార్య. "మా ఇంట్లో అడిగి చెబుతాను" అని మగవాళ్ళు అంటే, గోడల్ని అడిగి చెబుతానని కాదు! నేను ఈ మాట అనగానే ఆయన పగలబడి నవ్వాడు. వియత్నాంలో కూడా "న్యా తోయ్" అంటే "నా ఇల్లు" అని అర్థం, "నా భార్య" అనీ, "నా భర్త" అనీ కూడా అర్థమట. ఆయన శిష్యుడొకడు ఒకనాడు ఆలస్యంగా వచ్చి, "మై హౌస్ ఈజ్ సిక్" అన్నాడట. అంటే, "నా ఇంటికి జబ్బు చేసింది" అని!

వియత్నాం పిల్లలకూ, మన పిల్లలకూ ఇంగ్లీషులో ఒకే చోట కాలు జారుతుంది. ఇంగ్లీషులో చాలా నామవాచకాల ముందు "ఎ" అనో, "ది" అనో ఒక చిన్న ముక్క తగిలించాలి. అటువంటి ముక్కలు మన భాషలోనూ లేవు, వాళ్ళ భాషలోనూ లేవు. వాళ్ళకు బహువచనం తోక కూడా లేదు గనక వాళ్ళ బాధ ఇంకా ఎక్కువ. మన పిల్లలకు ఇంకో చిక్కు. మనం "నా ఇల్లు" అనం, "మా ఇల్లు" అంటాం. ఒంటరిగా ఉండేవాడు కూడా "మా ఇంటికి రండి" అనే అంటాడు. మై హౌస్ అని రాయమంటే పిల్లవాడికి అది ఎవరి ఇల్లో అనిపిస్తుంది.

ఆ తరువాత ఆయన తాను చిన్నప్పుడు చదివిన ఇంగ్లీషు వాచకం సంగతి చెప్పాడు. అందులో ఇంటి పాఠంలో చలికి మంట వేసుకునే ఫైర్‌ప్లేసూ, పొగ పోయే చిమ్నీ, కప్పు కింద అటకగది ఉండేవట. ఆయన వాటిని బట్టీపట్టి పరీక్ష రాశాడు గాని, తన ఊళ్ళో ఏ ఇంట్లోనూ వాటిని చూడలేదు. తాను చూసిన ఇళ్ళకేమో పుస్తకంలో మాటలు లేవు. హనోయి పాత పేటలో ఇళ్ళు వీధి వైపు మూడు నాలుగు మీటర్ల వెడల్పే ఉండి, లోపలికి మాత్రం రైలు పెట్టెల్లాగా పొడుగ్గా పోతాయి. వాటిని "గొట్టం ఇళ్ళు" అంటారు. పూర్వం వీధి వైపు వెడల్పును బట్టి పన్ను వేసేవారు గనక అట్లా కట్టారని చెప్పుకుంటారు. పల్లెటూళ్ళలో పాత ఇంటిని గదులతో లెక్కపెట్టరు. రెండు స్తంభాల వరసల నడుమ చోటును ఒక "జాన్" అంటారు. మూడు జాన్‌ల ఇల్లు, అయిదు జాన్‌ల ఇల్లు అని బేసిగా ఉంటాయి. నడిమి జాన్‌లో పెద్దల పీఠం ఉంటుంది.

ఇది వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అది మన అంకణమే! మన పల్లెల్లో కూడా ఇంటిని "మూడంకణాల ఇల్లు", "అయిదంకణాల ఇల్లు" అనేవారు. రెండు దూలాల నడుమ చోటు అంకణం. ఇంగ్లీషులో దీనికి "బే" అనే మాట ఉంది. కట్టడాల శాస్త్రం చదివినవాళ్ళకు అది తెలుసు గాని, "మై హౌస్" రాయించేవాళ్ళు ఎన్నడూ చెప్పరు. హనోయి మాష్టారూ, నేనూ ఆ ఒక్క మాట దొరికినందుకు పెళ్ళిలో చుట్టాలు కలుసుకున్నట్టు చేతులు పట్టుకున్నాం. పిల్లలు మమ్మల్ని వింతగా చూశారు.

తరువాత పిల్లలు వరసగా మన మాటలు అడగసాగారు. వసారాకు? వరండా. ఆ మాటను ఇంగ్లీషువాళ్ళు మన దేశంలోనే నేర్చుకున్నారు. బంగళా కూడా ఇక్కడిదే, బెంగాలు పద్ధతి ఇల్లు అని అర్థం. అరుగుకు? పూర్వం మద్రాసు వైపు ఇంగ్లీషు దొరలు అరుగును "పయాల్" అనేవారు. అది పోర్చుగీసు మాట. అరుగుల మీద జరిగే మన వీధిబడులను వాళ్ళు తమ కాగితాల్లో "పయాల్ స్కూళ్ళు" అని రాసుకున్నారు. కడపకు? థ్రెషోల్డు. అయితే దానికి పసుపు పూసి బొట్లు పెట్టే సంగతి ఆ మాటలో లేదు, అది వేరే వాక్యంగా చెప్పుకోవాలి.

మేస్త్రీ కూతురు ఇదంతా వెనక కూర్చుని వింటున్నది. ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "నీ ఇంటి సంగతి చెప్పు," అన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుంది. పక్కనున్న కుర్రవాడు, "సార్, షి లివ్స్ ఇన్ స్టిల్టు," అనేశాడు.

ఆయన ముఖం వికసించింది. "స్టిల్టా? మా అమ్మమ్మది కూడా స్టిల్టు ఇల్లే!" అన్నాడు.

వియత్నాం ఉత్తరాన కొండల్లో మువోంగ్ మొదలైన తెగలవారు కర్ర స్తంభాల మీద ఇళ్ళు కట్టుకుంటారు. నేల చెమ్మా, వరద నీరూ, పాములూ పైకి రాకుండా అది ఉపాయం. మనుషులు పైన ఉంటారు. కింద బర్రెలూ, పందులూ, కట్టెలూ ఉంటాయి. నిచ్చెన ఎక్కి ఇంట్లోకి పోవాలి. ఇంగ్లీషులో దాన్ని స్టిల్టు హౌస్ అనే అంటారు. ఆ దేశపు అధ్యక్షుడు హో చి మిన్, ఫ్రెంచివాళ్ళ గవర్నరు జనరల్ కోసం కట్టిన పెద్ద భవనంలో ఉండటానికి ఇష్టపడలేదు. ఆయన కోసం 1958లో ఆ ఆవరణలోనే చిన్న కర్ర ఇంటిని స్తంభాల మీద కట్టారు. జనం ఇప్పటికీ వెళ్ళి దాన్ని చూస్తారు.

ఆ అమ్మాయి ఇదంతా విని, చాలాసేపు ఆలోచించి, "మీ అమ్మమ్మోళ్ళు పైన, బర్రెలు కింద. ఇక్కడ వాళ్ళు పైన, మేమూ కార్లూ కింద," అన్నది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. హనోయి మాష్టారు నవ్వలేదు. "నీ స్టిల్టు నాకు చూపిస్తావా?" అని అడిగాడు.

అందరం వీధి చివరికి బయలుదేరాం. అక్కడికి పోయాక ఆ అమ్మాయి వేరే మనిషి అయిపోయింది. ఆయన వేలు పెట్టి చూపిన ప్రతిదానికీ టక్కున జవాబు చెప్పింది. ఇది ఫుటింగు, ఇది కాలము, ఇది ప్లింతు బీము, కిటికీ మీద లింటలు, దాని మీద సన్ షేడు, పైన పారాపెట్టు, ఆ కర్రలూ పలకలూ సెంట్రింగు. అన్నీ ఇంగ్లీషు మాటలే! కాని ఆ అమ్మాయి వాటిని తెలుగు మాటలనుకుంటున్నది. ఎందుకంటే వాళ్ళ నాన్న వాటిని పుస్తకంలో కాక ఇటుకల మధ్య నేర్చుకున్నాడు. నా దగ్గరికి వచ్చే మిగతా పిల్లల్లో ఒక్కరికీ ప్లింతు అంటే ఏమిటో తెలియదు. నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా లేచే పీఠాన్ని ప్లింతు అంటారు. గ్రీకు భాషలో ఇటుకకు ఆ పేరు. సెంట్రింగు అనేది పూర్వం ఇంగ్లండులో కమాను కట్టేటప్పుడు కింద ఆధారంగా పెట్టే కర్ర చట్రం పేరు. మన దగ్గర కమానులు పోయి స్లాబులు వచ్చాయి. మాట మటుకు ఉండిపోయింది. మేస్త్రీ అనే మాట పోర్చుగీసువాళ్ళది. దానికీ, మనం మాష్టారు అని పిలిచే ఇంగ్లీషు మాటకూ మూలం లాటిన్‌లో ఒక్కటే. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి తండ్రి తాపీ పక్కన పెట్టి, "మరి జీతం ఒక్కటి కాదేంది సారూ?" అన్నాడు.

పై అంతస్తులో స్లాబు మీద మట్టితో చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలిపారు. "ఇది క్యూరింగు. పొద్దుగాల నేనే చేస్త," అంది ఆ అమ్మాయి. "క్యూర్ అంటే జబ్బు నయం చేయటం గదా, స్లాబుకు ఏం జబ్బు?" అని కుర్రవాడు అడిగాడు.

పిల్లలూ, సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిమెంటు నీటితో కలిసి రసాయనికంగా మారి, సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకోవటం వల్ల గట్టిపడుతుంది. నీరు ముందుగానే ఆవిరైపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది, స్లాబు పగుళ్ళు వేస్తుంది. అందుచేత కనీసం ఏడు రోజులు, మన ఎండల్లో ఇంకా ఎక్కువ రోజులు, తడి ఆరకుండా చూడాలి. ఇంజనీర్లు కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28వ రోజున పరీక్ష చేసి చూస్తారు. ఇంగ్లీషులో చేపను ఉప్పు వేసి నిలవ చేయటాన్ని కూడా క్యూరింగే అంటారు. "మా దేశంలో చేపలకు చేస్తాం, ఈ అమ్మాయి స్లాబుకు చేస్తున్నది," అని హనోయి మాష్టారు తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన ఆ రోజు ఆ అమ్మాయి దగ్గర మొత్తం ఇరవై మూడు మాటలు రాసుకున్నాడు. వాటిలో కొన్ని తన పాఠంలో లేవట.

చీకటిపడే వేళ ఆయన వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆ అమ్మాయి వ్యాసం రాసి, మర్నాడు బడికి పోయే దారిలో నాకు చూపించింది. దాన్ని తెలుగులో చెబుతాను.

"మేము స్టిల్టులో ఉంటాం. మా ఇంటికి మూడు గోడలు. నాలుగోది నీలం పట్టా. మా నాన్న దాని పైన నాలుగు స్లాబులు పోశాడు. ఇంకొకటి పోస్తాడు. నేను రోజూ క్యూరింగు చేస్తాను. నేనూ తమ్ముడూ ప్లింతు మీద కూర్చుని చదువుకుంటాం. రాత్రి కింద చల్లగా ఉంటుంది. ఈ ఇల్లు పూర్తయితే మేము ఇంకో ఇంటికి పోతాం. ఆ ఇల్లు ఇంకా లేదు."

"ఎ"లూ, "ది"లూ సగం ఎగిరిపోయాయి. నేను వాటిని దిద్దలేదు, బడికి వేళ అయిపోతున్నది. సాయంకాలం వచ్చాక, "నవ్వారా?" అని అడిగాను. "ఇద్దరు నవ్విన్రు," అంది. ప్లింతు దగ్గర టీచరు ఆపి, అదేమిటని అడిగిందట. ఈ అమ్మాయి నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపించిందట. పదికి ఆరు మార్కులు వచ్చాయి. కరివేపాకు కుర్రవాడికి ఎనిమిది వచ్చాయి, గులాబీలకు.

ఎండాకాలం రాకముందే ఆ భవనం పూర్తయింది. స్టిల్టులో తెల్ల గీతలు గీసి కార్లు పెట్టారు. మేస్త్రీ కుటుంబం గుర్రంగూడ వైపు ఇంకో పనికి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి కూడా బడి అందే దూరమే గనక ఆ అమ్మాయి బస్సులో వెళ్ళి వస్తున్నది. పోయిన నెల బస్టాపులో కనిపించి, "తాతా, ఇప్పుడు మాది స్టిల్టు కాదు, సెల్లారు," అన్నది. "నాన్నేమో బేస్‌మెంటు వేరే, సెల్లారు వేరే అంటుండు. పుస్తకంలో రెండూ ఒక్కటే అని ఉంది. ఏది నిజం?"

రెండూ నిజమే. ఇంగ్లండులో సెల్లారంటే బొగ్గో, సారాయో దాచుకునే నేలకింది కొట్టు. అక్కడ బేస్‌మెంటన్నా నేలకింది అంతస్తే. మన ఊళ్ళో కార్లు దిగే నేలకింది అంతస్తును సెల్లారంటారు. మన మేస్త్రీలు బేస్‌మెంటు అనేది పునాది మీద గచ్చు దాకా కట్టే పీఠాన్ని, అంటే ప్లింతును. ఇంతవరకు చెప్పేసరికి బస్సు వచ్చింది. ఆ అమ్మాయి ఎక్కి, కిటికీలోంచి, "మరి రాంపును ఏమంటరో అడుగు తాతా, హనోయి సార్‌ని," అని అరిచింది.